ఒకరి బావి, ఊరి చెరువు

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. అగ్రి.)

రామకుప్పం ప్రాంతపు రైతు సోదరులు నన్ను కలిసినపుడెల్ల అడుగు ప్రశ్న ఒక్కటే: "బోరులో నీళ్లు తగ్గినాయి, ఏం చేయమంటారు సార్?" ఇంకొక వంద అడుగులు లోతు చేయించవచ్చునా అని కొందరు, వేరొక చోట వేయించవచ్చునా అని మరికొందరు అడుగుదురు. బోరు వేయించుటకు అప్పు చేసి, ఆ అప్పు తీర్చుటకు పాడి ఆవును అమ్ముకొన్నవారు కూడ వారిలో ఉన్నారు. కాబట్టి ఇది తేలికగా జవాబు చెప్పదగిన ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు జవాబు ఆ రైతు పొలములో మాత్రమే వెదకిన దొరకదు. పొలమునకు ఎగువనున్న వంకలోను, దిగువనున్న చెరువులోను, ప్రక్క పొలము రైతు ఆలోచనలోను కూడ వెదకవలెను. ఒక మనిషి పంట ఊరిమీదను, ఊరి బ్రతుకు ఒక్కొక్క మనిషి మీదను ఎట్లు ఆధారపడియున్నవో మన ప్రాంతములో చెరువు చూపినంత స్పష్టముగా మరేదియు చూపదు.

పూడిన వంక

నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఈ ప్రాంతమున ఒక గ్రామమునకు వెళ్లితిని. అక్కడ ఒక యువ రైతు గుట్ట వాలున ఉన్న తన మూడెకరముల బీడును యంత్రముతో చదును చేయించి, డ్రిప్పు గొట్టములు పరచి, టమాటా నాటియుండెను. చెరువు కట్ట దిగువన తన తండ్రి నాటి మడిలో ఉన్న బోరు నుండి పైపు వేసి నీరు తెచ్చుకొనుచుండెను. తోట ఏపుగా ఉన్నది. నేను సంతోషించి, ఆ తోటను మరి పది మంది రైతులకు చూపించితిని. మొక్కలను చూచితిని, మట్టిని చూచితిని, ఆకు ముడతను గూర్చి జాగ్రత్తలు చెప్పితిని. కాని ఆ పొలము మధ్యగా పూర్వము ఒక వంక పారుచుండెననియు, చదును చేయించునపుడు అది పూడిపోయినదనియు నేను గమనింపలేదు. అది నా పొరపాటు.

ఆ వంక గుట్టమీది నీటిని చెరువునకు చేర్చునది. తరువాతి రెండు సంవత్సరములలో వానలు పడకపోలేదు. కాని గుట్టనీరు దారి తప్పి బండిబాట వెంట పోయినది. చెరువులో మోకాటి లోతు నీరు కూడ నిలువలేదు. ఆయకట్టు మడులు బీడు పడినవి. కట్ట క్రింది బావులు మొదట తగ్గి, తరువాత ఎండినవి. మూడవ వేసవిలో ఆ యువ రైతు బోరు కూడ గాలి కక్కినది. గుట్టవాలున ఉన్న టమాటాకు నీరు వచ్చినది చెరువు ఊట నుండియే కదా!

రచ్చబండ వద్ద సమావేశము జరిగినది. పూర్వము ఆ చెరువునకు నీరుగంటి పని చేసిన కుటుంబములోని వృద్ధుడొకరు అందరికంటె చివర మాట్లాడినారు.

"వంక పూడ్చింది నువ్వే, బోరు ఎండింది నీదే. ఇంక ఎవురి మింద పోతావు నాయనా?"

"నాకేం తెలుసు తాతా? నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ వంకలో నీళ్లే పారలే," అన్నాడు ఆ యువకుడు.

"పారలేదని పూడస్తారా అబ్బోడా? పారేటప్పుడు అవి యాడికి పోవల్ల?"

ఆ మాటకు అతడు బదులు చెప్పలేదు. ఆ రోజున కోపతాపములు లేకపోలేదు; అయినను చివరకు ఒక ఒప్పందము కుదిరినది. యువ రైతు ఆరడుగుల వెడల్పున వంకను విడిచిపెట్టుటకు అంగీకరించెను. లెక్క చూచిన అతనికి పోయినది అయిదు సెంట్లకు లోపు భూమి. ఆయకట్టు రైతులు ఇంటికొక మనిషి చొప్పున వచ్చి వంక త్రవ్వవలెను. గొర్రెలు మేపుకొను కుటుంబమొకటి, చెరువులో నీరుంటే తమ మందకే మేలు కనుక, ఆ రైతు పొలములో మూడు రాత్రులు ఉచితముగా మంద నిలుపుదుమని చెప్పినది. రెండిళ్లవారు మనుషులను పంపలేదు; ఆ వివాదము ఇంకను తీరలేదు. ఆ తరువాతి హింగారు వానలకు చెరువు సగము నిండినది. మొరవ పోలేదు గాని, కట్ట క్రింది బావులలో ఊట తిరిగి కనబడినది.

బావి నీరు ఎవరిది?

"నా భూమిలో నా డబ్బుతో వేయించిన బోరు, నీరు నాది" అని రైతు అనుకొనుట సహజము. అది ఎంతవరకు నిజమో ఒక లెక్క వేసి చూతము.

మన ప్రాంతములో నేల క్రింద ఉన్నది గ్రానైటు జాతి గట్టి రాయి. నీరు నిలుచునది పైనున్న మెత్తబడిన రాతి పొరలోను, క్రింది నెరలలోను మాత్రమే. అట్టి నూరు లీటర్ల రాతిలో మనము తోడుకొనగల నీరు సుమారు ఒకటి నుండి మూడు లీటర్లు మాత్రమే. సగటున రెండు లీటర్లని అనుకొందము.

ఒక ఎకరము వరికి పంటకాలములో సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా ఎకరమునకు దాదాపు 48 లక్షల లీటర్లు. ఈ నీటినంతయు ఆ ఎకరము క్రింది రాతిలో నుండియే తోడవలసివచ్చిన, అక్కడి నీటిమట్టము ఒక్క పంటకే 60 మీటర్లు దిగిపోవలెను. మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకును. వాన కొంత తోడ్పడును. వీటి క్రింద సగము తీసివేసినను 30 మీటర్లు మిగులును. ఏ ఎకరము క్రిందను ఏటేట అంత నీరు క్రొత్తగా చేరదు. మరి నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? ఇరుగుపొరుగు పొలముల క్రింద నుండియు, చెరువు అడుగు నుండియు వచ్చుచున్నది. గట్టు భూమి పైననే ఉన్నది. భూమి లోపల గట్టు లేదు.

రాగి పంటకు సుమారు 400 మిల్లీమీటర్ల నీరు సరిపోవును. అనగా ఎకరము వరికి పెట్టు నీటితో మూడెకరముల రాగి పండించవచ్చును. బోరు క్రింద వేసవిలో వరి నాటు రైతు ఇద్దరు పొరుగువారి రాగి చేల నీటిని కూడ తెలియకయే వాడుకొనుచున్నాడని దీని అర్థము. ఎవరిని నిందించుటకును ఈ మాట చెప్పుట లేదు. తాను ఎవరిమీద ఆధారపడి ఉన్నాడో రైతుకు తెలియనంతకాలము ఎదుటివానితో మాట్లాడుటకు కారణము కనబడదు. అందువలన ఈ లెక్క అవసరము.

చెరువును నమ్ముకొన్నవారు

చెరువు ఆయకట్టు రైతులదేనని సాధారణముగా తలతురు. ఒక ఉదయము కట్టమీద నిలుచుండి చూచిన వేరుగా కనబడును. ఆయకట్టులో సెంటు భూమి లేని గొర్రెల కాపరి మందను నీటికి తెచ్చును. చాకలివారు రేవులో బట్టలు ఉతుకుదురు. పొదుపు సంఘము అప్పుతో ఆవులు కొన్న మహిళలు చెరువు అంచున పచ్చగడ్డి కోయుదురు. నీరు నిలిచిన ఏట చేపలు పట్టుకొనువారికి జీవనము. కుమ్మరికి మట్టి, మెట్ట రైతుకు పూడిక ఎరువు. కట్టకు దిగువన పట్టుపురుగులు పెంచు రైతుల మల్బరీ తోటలు చెరువు ఊటవలననే పచ్చగా నుండును. ఆ తోటలలో ఆకు కోయు కూలీలకును ఆ నీరే కూడు పెట్టును.

వీరందరు ఒకరికొకరు కూడ అవసరము. గొర్రెల మంద నిలిపిన మడికి బలము. మల్బరీ రైతు బోదెలో ఆకు లేకున్న కూలికి పని లేదు. కూలి రాకున్న పట్టుపురుగుకు ఆకు లేదు. పూడిక తోలుకొన్న మెట్ట రైతు తన చేనికి ఎరువు వేసికొన్నానని తలచును. నిజమునకు చెరువులో నీరు నిలుచుటకు చోటు చేసినాడు. ఇట్లు తన పని తాను చేసికొనుచునే ఊరి పని చేయు ఏర్పాటు ఎక్కడ ఉన్న, అక్కడ చెరువు నిలుచును.

పూర్వపు ఏర్పాటు, దానిలోని లోపము

ఈ ఏర్పాటును మన పెద్దలు ఊరకయే వదలలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు కట్టించెను. అచ్చటి శాసనము మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పింపవలసిన ఆరు దోషములను పేర్కొనుచున్నది. ఆ అంగములలో గట్టి మట్టి, మంచి నీటి యేరు, దృఢమైన కట్ట ఉన్నట్లే ధర్మముగల రాజు, నీటి శాస్త్రము తెలిసిన విద్వాంసుడు, పని తెలిసిన మనుషుల జట్టు కూడ ఉన్నవి. అనగా రాయితోను మట్టితోను చెరువు పూర్తి కాదనియు, మనుషులు కూడ దానిలో భాగమనియు ఆనాడే గుర్తించినారు. రెండు సంవత్సరములపాటు దినమునకు వేయిమంది కూలీలు పని చేసినారని ఆ శాసనమే చెప్పుచున్నది.

కట్టిన చెరువును కాపాడుటకు రాయలసీమలో దశబంధ మాన్యములు ఉండెడివి. చెరువు కట్టించిన వారికి, మరమ్మతులు చూచువారికి శిస్తులో పదియవ వంతు ప్రమాణముగా మాన్యము లభించెడిది. తూము ఎత్తి దించి, మడిమడికి వంతుల ప్రకారము నీరు పారించు నీరుగంటికి కళ్లమువద్ద ధాన్యము మేరగా కొలిచెడివారు. వానకాలమునకు ముందు ఊరివారు కాలువలు బాగుచేసికొను పనిని కుడిమరామత్తు అనిరి.

అయితే ఆ రోజులను బంగారు రోజులని చెప్పుట సరికాదు. పూడిక మోసినవారిలో పలువురకు ఆయకట్టులో గుంటెడు భూమి లేదు. నీరుగంటి పనిని తక్కువ కులమువారిగా ఎంచబడిన కుటుంబములు చేసెడివి. పంట పండని ఏట మేర తగ్గెడిది, పని తగ్గెడిది కాదు. 1858లో మద్రాసు ప్రభుత్వము చెరువు పనులకై నిర్బంధ శ్రమ చట్టమునే చేయవలసి వచ్చినది. కుడిమరామత్తు అంతటను ఇష్టపూర్వకముగా సాగియుండిన అట్టి చట్టముతో పని లేదు. ఊరు అందరిమీద ఆధారపడెను గాని, ఊరి ఫలము అందరికి సమముగా అందలేదు. కాబట్టి పాత ఏర్పాటును అట్లే తిరిగి తెచ్చుట మన పని కాదు. అందులోని పొందికను తీసికొని, అన్యాయమును విడిచిపెట్టవలెను.

కాలక్రమమున ఆ ఏర్పాటు సడలినది. కుప్పం ప్రాంతము కంగుంది జమీందారీలో ఉండెను. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు పోయి, చెరువులు ప్రభుత్వపు అధీనములోనికి వచ్చినవి. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. ఈలోగా కరెంటు మోటారు, ఆపైన బోరు యంత్రము వచ్చినవి. బోరు వేసికొన్న రైతునకు తూముతో పని లేదు. తూముతో పని లేనివాడు నీరుగంటికి మేర కొలువడు. నీరుగంటి లేని చెరువు కాలువలను చూచువాడు లేడు. ఎవరును చెరువును చెరుపవలెనని తలపెట్టలేదు. ఒక్కొక్కరు తమంతట తాము బ్రతుకగలమని అనుకొన్నారు. చెరువు పాడగుటకు అంతమాత్రము చాలినది.

పై ఊరు, క్రింది ఊరు

పోరుమామిళ్ల శాసనము చెప్పిన ఆరు దోషములలో ఒకటి రామకుప్పం వారికి ప్రత్యేకముగా తగులును. చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట దోషమని అందులో ఉన్నది. మన మండలము మూడు రాష్ట్రముల సరిహద్దులకు చేరువగా ఉన్నది. పాలారు కర్ణాటకలో నంది కొండల ప్రాంతమున పుట్టి, మన కుప్పం ప్రాంతములో సుమారు 33 కిలోమీటర్లు పారి, తమిళనాడులో ప్రవేశించును. ఆ నది మొత్తము పొడవు సుమారు 348 కిలోమీటర్లు. దాని నీటిని గూర్చి 1892లోనే మద్రాసు, మైసూరు ప్రభుత్వముల మధ్య ఒప్పందము జరిగినది. ఎగువ రాష్ట్రము చెరువు నింపుకొన్నదని మనము నొచ్చుకొందుము. మనము చెక్‌డ్యాము కట్టిన దిగువ రాష్ట్రము నొచ్చుకొనును. ఒకే ఊరిలో ఎగువ పొలము రైతు, దిగువ పొలము రైతు పడు తగవు కూడ ఇట్టిదే.

ఏనుగులు కూడ సరిహద్దు ఎరుగవు. 1980 తరువాత తమిళనాడు అడవుల నుండి ఏనుగులు మన అడవులకు రాసాగినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. మన మండలములోని ననియాల వద్ద అటవీ శాఖవారి ఏనుగుల శిబిరము ఉన్నది. ఒక రైతు మాత్రమే టపాసులు పేల్చి మందను తరిమిన, అది ప్రక్క రైతు చేనిలో పడును. చట్టమునకు విరుద్ధముగా కంచెకు కరెంటు పెట్టిన ఏనుగు చచ్చును. చీకటిలో తన మడికి నీరు కట్టబోవు పొరుగు రైతు కూడ చచ్చును. ఊరంతయు వంతులవారీ కావలి కాచి, అటవీ సిబ్బందికి వెంటనే కబురు చేయుటయే క్షేమమైన మార్గము.

కట్ట విషయము కూడ అట్లే. 2021 నవంబరులో భారీ వర్షములకు తిరుపతి సమీపమునగల రాయలచెరువు కట్టలో లీకు ఏర్పడగా, దిగువ గ్రామములవారిని ఇండ్లు ఖాళీ చేయింపవలసి వచ్చినది. ఎగువవారు కట్టను పట్టించుకొనకున్న దిగువవారి ప్రాణముమీదికి వచ్చునని ఆ దినములలో అందరు చూచితిమి.

ఇతర చోట్ల అనుభవము

బలవంతము లేకుండ రైతులు తమలో తాము నీటి లెక్క చూచుకొనగలరా అను సందేహము కలుగవచ్చును. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకము మన చిత్తూరుతో సహా ఏడు కరువు జిల్లాలలో, ఆరువందలకు పైగా గ్రామములలో నడచినది. రైతులే వాన కొలిచినారు. బావులలో నీటిమట్టము కొలిచినారు. రబీకి ముందు సభ చేసి, భూమిలో ఎంత నీరున్నది, ఏ పంటకు ఎంత కావలెను అని లెక్క కట్టినారు. ఫలానా పంట వేయరాదని ఎవరిని శాసించలేదు. లెక్క గోడమీద వ్రాసి, నిర్ణయమును రైతుకే విడిచినారు. లెక్క కండ్లయెదుట ఉన్నపుడు అనేకులు వరిని తగ్గించి తక్కువ నీటి పంటలకు మారినారు.

ఐరోపాలో స్పెయిన్ దేశమున వలెన్సియా పట్టణములో రైతుల నీటి న్యాయస్థానము శతాబ్దములుగా నడచుచున్నది. ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు పెద్ద చర్చి వాకిట, కాలువల రైతులు ఎన్నుకొన్న రైతులే కూర్చుండి, నీటి తగవులను నోటిమాటగా విని అక్కడికక్కడే తీర్పు చెప్పుదురు. 2009లో యునెస్కో దీనిని మానవ వారసత్వముగా గుర్తించినది. మన రచ్చబండకు దీనికి తేడా ఒక్కటే: అక్కడ సభ వారము వారము తప్పక జరుగును, ఇక్కడ తగవు ముదిరిన తరువాత జరుగును.

2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలము నుండి కృష్ణా నీరు కుప్పం ప్రాంతమునకు చేరినది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే వందల కిలోమీటర్లు ఎత్తిపోతలతో వచ్చిన నీరు కూడ చివరకు మన చెరువులోనే నిలువవలెను, మన ఊరి కాలువలోనే పారవలెను. పూడిన వంక, తుమ్మ చెట్లు మొలచిన కట్ట, తుప్పుపట్టిన తూము ఉన్న ఊరిలో కృష్ణ నీరు కూడ నిలువదు.

ఊరివారు చేయదగిన పనులు

1. ముంగారు వానలకు ముందు రైతులు, గ్రామ రెవెన్యూ అధికారి, వ్యవసాయ సహాయకుడు కలిసి గుట్ట నుండి చెరువు వరకు ప్రతి వంక వెంట నడిచి చూడవలెను. గ్రామ పటములో ఉన్న వంక నేలమీద ఉన్నదో లేదో గుర్తింపవలెను. పూడ్చినవారితో మొదట మాటలతో ప్రయత్నింపవలెను. భూమి నష్టపడు చిన్న రైతుకు ఊరు శ్రమతోనో ఎరువుతోనో తోడ్పడవలెను.

2. పూడికను కట్ట అడుగునకు దగ్గరగా తీయరాదు, కట్ట బలహీనపడును. బంకమన్ను పొర దాటి గరుసు వరకు త్రవ్విన నీరు నిలువదు. అంతటను సమముగా తీయవలెను.

3. పూడికను మెట్ట చేలకు తోలుకొనవలెను. ఎకరమున ఒక సెంటీమీటరు మందము పరచుటకు సుమారు 40 ఘనపు మీటర్లు పట్టును. తోలుటకు ముందు మట్టి పరీక్ష చేయించిన మంచిది. చవుడు ఉన్న మట్టిని వేయరాదు.

4. కట్టమీది తుమ్మ, జిల్లేడు మొక్కలను లేతగా ఉన్నపుడే పెరికివేయవలెను. ముదిరిన చెట్టు వేరు కుళ్లిన చోట నీరు దారి చేసికొనును.

5. ఊరిలో రెండు మూడు బావులను గుర్తించి, నెలకొకసారి నీటిమట్టము కొలిచి, అందరు చూచునట్లు గోడమీద వ్రాయవలెను. హింగారు వానలు ముగిసిన తరువాత సభ చేసి, వేసవి పంటలను గూర్చి మాట్లాడుకొనవలెను.

6. నీరు పారించు మనిషిని ఊరు నియమించి, రొక్కముగా జీతము ఇయ్యవలెను. ఆ పని ఏ కులమునకును కట్టుబడి ఉండరాదు. బోరు క్రింది రైతులు కూడ తమ వాటా ఇయ్యవలెను. వారి బోరునకు నీరు వచ్చునది చెరువు నుండియే.

7. 1997 చట్టము క్రింద ఏర్పడిన నీటి సంఘపు సమావేశములకు గొర్రెల కాపరులను, చేపలు పట్టువారిని, మహిళా సంఘములవారిని కూడ పిలువవలెను. భూమి లేనివారి మాట కూడ వినవలెను. చెరువు ఎండిన మొదట ఊరు విడిచి వలసపోవునది వారే.

గ్రామాధికారులకు ఒక మనవి. వంక ఆక్రమణను గూర్చి ఫిర్యాదు వచ్చువరకు వేచియుండవద్దు. నేను ఒకనాడు తోటను చూచి వంకను చూడక పొరపడితిని. చక్కని పంట కనబడిన చోట కూడ దాని క్రింద ఏమి పూడియున్నదో అడిగి తెలిసికొనుట మన విధి.

ఆ గ్రామములో మొన్న మరల ఆ వృద్ధుడు కనబడినారు. చెరువు ఈసారి ఎంత నిండినది అని అడిగితిని. ఆయన కట్టవైపు చూపి, "మీరు పాయి చూడండి సార్, ఆ పిల్లోడే తూముకాడ ఉండాడు," అన్నారు. వెళ్లి చూచితిని. వంక పూడ్చిన ఆ యువ రైతే పారతో తూము కాలువలోని చెత్త తీయుచుండెను. తన మడికి నీరు పారుట ఇంకను రెండు వంతుల తరువాత.